సుస్తి నంబరు

మోతలేని మేళం, కూతలేని కోడి ఒక్కటేనని బ్యాండు వాళ్ళు అంటారు. మోత తగ్గించినవాడు కావాలని తగ్గించడు, చేతగాక తగ్గిస్తాడని దాని తాత్పర్యం. మోత్కూరులో కీబోర్డు వాయించే ఫక్రుద్దీన్ సంగతి ఎత్తితే వినిపించేది ఈ మాటే. నాలుగు మండలాల పెళ్ళిళ్ళలో జనాన్ని ఎగిరించి ఆడించిన చేయి అది, సుస్తి చేసి చల్లబడింది అంటారు. సుస్తి అంటే అక్కడ జబ్బు. జబ్బు విడిచిన తరువాత ఒంట్లో మిగిలే నీరసం కూడా. అలసిపోయినవాడు తన అలసటకు కళ అని పేరు పెట్టుకున్నాడని, కాస్త చదువుకున్నవాళ్ళు అదే మాటను మరికొంత మర్యాదగా అంటారు. ఫక్రుద్దీన్ దీన్ని ఎన్నడూ ఖండించలేదు.

ఖండించడానికి అందులో అబద్ధం తక్కువ. అతడు అలసిపోయిన మాట నిజం. కుడి చెవి చెడిన మాట నిజం. ఆ రెండు నిజాల నుంచి, చేతగాక మోత తగ్గించాడన్న మూడోది దానంతట అదే పుడుతుందా అన్నదే తేలవలసిన సంగతి.

అతని తండ్రి షరీఫ్ పెళ్ళి ఊరేగింపుల్లో క్లారినెట్ వాయించేవాడు. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, కాళ్ళకు మాత్రం చెప్పులు ఉండేవి కావు. మేళంలో ఆరుగురు. ఒకరు ఊపిరి తీసుకునే చోట ఇంకొకరు అందుకుని, ఆరు ఊపిరులూ ఒక్కసారి తెగకుండా చూసుకోవడమే వాళ్ళ విద్యలో సగం. "పాట అందరికి వస్తది బేటా," అనేవాడు షరీఫ్ కొడుకుతో, "దమ్ము యాడ తీస్కోవాల్నో తెలిసినోడే మేళగాడు." చివరి రెండేళ్ళు ఆ దమ్మే చాలక, మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. 1984లో కన్నుమూశాడు.

రెండేళ్ళ తరువాత ఫక్రుద్దీన్ హైదరాబాదు వెళ్ళి ఒక పాత జపాను కీబోర్డు తెచ్చుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. ఆ పెట్టెకు ఊపిరితో పనిలేదు. ఒక మీట నొక్కితే లోపలి డ్రమ్ము దానంతట అదే మోగుతుంది. ఇంకో మీట నొక్కేదాకా మోగుతూనే ఉంటుంది. తండ్రి గాలికోసం పడిన పాట్లు రెండేళ్ళు పక్కన కూర్చుని చూసినవాడికి, అలుపెరగని ఆ మీట ఒక వరంలా కనిపించడంలో వింత లేదు. ఊళ్ళో పెద్దవాళ్ళకు హార్మోనియం ఒక్కటే తెలుసు. దాన్ని పెట్టె అనేవారు కనుక దీన్నీ పెట్టె అన్నారు.

ఐలేశం అతనికి ఆ రోజుల్లోనే జత కలిశాడు. ఫక్రుద్దీన్ కంటే నాలుగేళ్ళు చిన్నవాడు, డప్పు కొట్టే ఇంట్లో పుట్టినవాడు. మనిషి ఊరికే కూర్చున్నా అతని వేళ్ళు ఊరికే ఉండేవి కావు. చాయ గ్లాసు మీద, బస్సు సీటు మీద, అవతలివాడి భుజం మీద ఆడుతూనే ఉండేవి. కట్టెపుల్లలతో కొడితే డ్రమ్ములా పలికే కరెంటు ప్యాడ్లు అతని చేతికి వచ్చాక ఇద్దరూ కలిసి స్టార్ ఎలక్ట్రానిక్ మ్యూజికల్ పార్టీ అని బోర్డు రాయించారు. పార్టీ అంటే వాళ్ళిద్దరే.

కీబోర్డులో వంద రకాల గొంతులు ఉన్నాయి. వాటి పేర్లు పైన ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో అచ్చయి ఉన్నాయి. ఫక్రుద్దీన్ ఉర్దూ బడిలో ఏడు చదివాడు, ఐలేశం తెలుగు బడిలో అయిదు. ఆ పేర్లు ఇద్దరికీ పనికిరాలేదు. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్క నంబరే నొక్కి విని, ఐలేశం తనకు తోచిన పేరు పెట్టి, దవాఖానలో గాయాలకు వేసే తెల్లపట్టీ ముక్కల మీద రాసి అంటించాడు. పన్నెండు తుమ్మెద. ఇరవై ఏడు కంసాలి. అరవై మూడు బర్రె. తొంభై ఒకటి దగ్గర మాత్రం ఆగిపోయాడు. వేలు పెడితే ఆ నంబరు వెంటనే పలకలేదు. వాకిట్లో పిలిస్తే మనిషి లోపలి నుంచి లేచి వచ్చేంత సేపటికి, ఎక్కడో మొదలై మెల్లగా దగ్గరికి వచ్చింది. వేలు తీసినా వెంటనే పోలేదు.

"ఏందన్నా గిది," అన్నాడు ఐలేశం. "రావాల్నా వద్దా అని సోంచాయిస్తున్నది. దీనికి సుస్తి చేసింది. దవాఖానకు తోల్కపోవాలె."

పట్టీ మీద సుస్తి అని రాశాడు. ఎగిరేవాళ్ళకు దానితో పనిలేదు కనుక ఏడేళ్ళపాటు దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆ ఏడేళ్ళు వాళ్ళవి. బారాత్ కదిలిందంటే స్టార్ పార్టీ ఉండవలసిందే. మనిషెత్తు స్పీకరు డబ్బాలు రెండు, వాటిని మోసే ట్రాలీ ఆటో, మధ్యలో పెట్టె ముందు ఫక్రుద్దీన్. వాళ్ళ సంగీతం గొప్పదని చెప్పలేం. పెళ్ళిలో జనానికి కావలసింది తమ కాళ్ళను తమకంటే ముందు లేపే చప్పుడు. దాన్ని వాళ్ళు నమ్మకంగా ఇచ్చారు. అయితే అటువంటి చప్పుడుకు ఒక గుణం ఉంది. నిరుడు చాలింది ఈ ఏడు చాలదు. ఐలేశం ఏటేటా వేగం పెంచాడు, డబ్బాలు పెంచాడు. తీగలు పొట్టివి కావడం వల్ల ఫక్రుద్దీన్ ప్రతి ఊరేగింపులోనూ కుడి డబ్బాకు మూరెడు దూరంలోనే నిలబడవలసి వచ్చేది.

కుడి చెవిలో సన్నని ఈల ఎప్పుడు మొదలైందో అతనికి గుర్తులేదు. దాన్ని ముందు కనిపెట్టింది భార్య అజీజా బేగం. కుడివైపు నుంచి పిలిస్తే అతడు పలకడం లేదు.

"మా అమ్మీ చెప్పనే చెప్పింది," అన్నది ఆమె. "దర్జీని చేస్కుంటె గూనోడైతడు, బ్యాండోన్ని చేస్కుంటె చెవిటోడైతడు అని. నాకు కొట్లాడుదామంటె గూడ లేకుంట పోయింది. అన్ని రెండుసార్లు తిట్టాలె."

నల్గొండలో డాక్టరు పరీక్ష చేసి, చెవినరం అరిగిందని, ఈల పోదని, పెద్ద డబ్బాలకు దూరంగా ఉండమని చెప్పాడు. ఫక్రుద్దీన్ తల ఊపి వచ్చి, మరునాడు డబ్బాకు మూరెడు దూరంలో నిలబడ్డాడు. 1993 నాటికి అతనికి ముప్పై ఒకటి. పెళ్ళి ముగిసి ఇంటికి వస్తే చెవి లోపల ఇంకా పెళ్ళి అవుతూనే ఉండేది. మీట నొక్కి ఆపడానికి వీలున్నది పెట్టెలోని డ్రమ్మును మాత్రమే.

ఆ ఏడు హోలీ దాటిన తరువాత ఒక సోమవారం పొద్దున, మూడు కోసుల అవతలి పల్లె నుంచి భిక్షం అనే గొర్లకాపరి మోత్కూరు వచ్చి, టీ హోటలు దగ్గర ఆగి, పెట్టె వాయించే ఆయన ఎవరని అడిగాడు. ఐలేశం అక్కడే ఉన్నాడు.

"గురువారం దినం," అన్నాడు భిక్షం. "పెట్టె పట్కొని పన్నెండింటికల్ల రావాలె."

"ఇద్దరం వస్తం. డబ్బాలు గూడ తేవాల్నా?"

"తెస్తె తేండ్రి. మంది బాగనే ఉంటరు."

గురువారం నాడు అనడానికి ఆ ప్రాంతంలో గురువారం దినం అంటారు. చనిపోయిన మనిషికి పదకొండో నాడు చేసే కర్మనూ దినం అనే అంటారు. భిక్షం చెప్పింది రెండోది, ఐలేశం విన్నది మొదటిది. భిక్షం అడిగిన పెట్టె హార్మోనియం. వాళ్ళ ఊరి భజనలో అది వాయించే ముసలాయన చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని ఉన్నాడు. ఒక్క ముక్కలో రెండు పొరపాట్లు దొర్లినా, ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థమైందన్న తృప్తితో చెరొక చాయ తాగి విడిపోయారు.

ఊరి మొదట్లోనే మోత ఎత్తుకుంటూ వెళ్ళడం స్టార్ పార్టీ ఆనవాయితీ. గురువారం ఎండ నడినెత్తికి వచ్చే వేళ, ట్రాలీ ఆటోలో బ్యాటరీ మీద పెళ్ళిపాట మోగించుకుంటూ ఆ పల్లె వీధిలోకి మళ్ళారు. టెంటు కనిపించింది, వంట వండే పెద్ద గంజులు కనిపించాయి, జనం కనిపించారు. దగ్గరికి వెళ్ళాక గుండ్లు చేయించుకున్న ముగ్గురు మగవాళ్ళు, గోడకు ఆనించిన ఒక ముసలాయన ఫోటో, దానికి దండ కనిపించాయి.

ఫక్రుద్దీన్ చేతులు తీసేశాడు. చేతులు తీస్తే పాట ఆగింది కానీ డ్రమ్ము ఆగలేదు.

"బంద్ చెయ్యన్నా," అన్నాడు ఐలేశం పళ్ళ మధ్య నుంచి.

తత్తరలో ఫక్రుద్దీన్ నొక్కిన మీట వేగం పెంచేది. వీధి మొత్తం వింటుండగా డ్రమ్ము ఉరుకు అందుకుంది. సరైన మీట దొరికేసరికి గుండ్లు చేయించుకున్నవాళ్ళలో పెద్దవాడు, పోయినాయన కొడుకు రాములు, ఆటో ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఎవలు రమ్మన్నరయ్యా మిమ్ముల? మా నాయిన పోయిండని మేము ఎగరాల్నా?"

"గురువారం దినం అన్నడు, అందుకే..." అన్నాడు ఐలేశం.

"అవు, దినమే. దినం గాకుంటె గిదేంది మరి?"

భిక్షం ఆ సమయానికి గంజుల చాటున ఏదో పని కల్పించుకున్నాడు. లోపలి నుంచి పోయినాయన భార్య గుర్వమ్మ వచ్చింది. పదకొండు రోజులుగా ఆమెకు కంటిమీద కునుకు లేదని పక్కవాళ్ళు చెప్పుకుంటున్నారు. ముఖం చూస్తే ఆ మాట అవసరం లేదు.

"ఊకో రాములు," అన్నది. "వాకిట్లకొచ్చినోళ్ళను ఎల్లగొడ్తరా? మీ నాయిన గూడ పెండ్లికని పోయి ఇంకోలింట్ల బువ్వ తిని రాలేదా." అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె ఫక్రుద్దీన్ వైపు తిరిగింది. "కొడుకా, గా పెట్టెల జర మెత్తటిది ఏమన్న ఉన్నదా?"

ఒక డబ్బా తీగ పీకేసి, రెండోదాన్ని బాగా తగ్గించి, అతడు వాకిట్లో చాప మీద కూర్చున్నాడు. డ్రమ్ము మీట వైపు చెయ్యి పొరపాటున కూడా పోకూడదన్న భయం తప్ప అతని మనసులో ఏమీ లేదు. ఎవరూ ఎగరడానికి వీలులేని నంబరు ఏదని వెతికితే అటువంటిది ఒక్కటే కనిపించింది. తొంభై ఒకటి నొక్కాడు. ఆడపిల్లను అప్పగించేటప్పుడు తన తండ్రి వాయించే ఒక పాత వరస గుర్తుకు తెచ్చుకుని మొదటి స్వరం మీద వేలు పెట్టాడు.

అది వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. వచ్చిన తరువాత పోయేదాకా ఆగవలసి వచ్చింది. తొందరపడి రెండో వేలు పెడితే రెండూ కలిసి బురద అవుతాయని రెండు మూడు స్వరాల్లోనే తెలిసింది. అతడు మొదట బాగా వాయించలేదు, చాలాచోట్ల తడబడ్డాడు. కాని ఆగడం నేర్చుకున్న కొద్దీ ఒకటి గమనించాడు. ప్రతి స్వరానికీ ముందు తాను గాలి తీసుకుంటున్నాడు. ఏడేళ్ళలో ఆ పెట్టె ముందు తన ఊపిరి సంగతి అతనికి గుర్తొచ్చింది అదే మొదలు.

గంట కొట్టిన తరువాత మిగిలే మోతను పూర్వులు అనురణనం అన్నారు. మాటలో అసలు అర్థం అయిపోయాక, వినేవాడి లోపల సాగే రెండో అర్థాన్ని దానితో పోల్చారు. ఫక్రుద్దీన్‌కు ఆ పేరూ తెలియదు, ఆ పోలికా తెలియదు. అతనికి తెలిసిందల్లా, ఆ స్వరం సాగినంతసేపు చెవిలోని ఈల వినిపించలేదని. అది సంగీతమా, మందా అన్న ప్రశ్న అక్కడే ఉంది. దాన్ని దాచిపెట్టి అతనికి గొప్పతనం అంటగట్టడం న్యాయం కాదు.

అరగంట గడిచింది. తల ఎత్తి చూశాడు. గుర్వమ్మ గోడకు జారగిలబడి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది.

"అవ్వను పండవెట్టినవ్ గదనే," అన్నాడు రాములు తల్లిని చూస్తూ, మెల్లగా. కోపం పోయింది.

"అవ్వనే కాదు, దొడ్లె గొర్లు గూడ నెమరేసుడు బంద్ వెట్టినయ్," అన్నాడు భిక్షం, గంజుల చాటు నుంచి ఇప్పుడు బయటికి వచ్చి.

ఆమె లేచేదాకా విస్తర్లు వేయలేదు. లేచి, ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. "పానం నిమ్మళమైంది కొడుకా," అన్నది. నిమ్మళం అన్నది ఆ నేల మీద కుశలం అడిగేటప్పుడు వాడే మాట. జ్వరం దిగితే నిమ్మళం, కొట్లాట సద్దుమణిగితే నిమ్మళం. తన వాయింపు గురించి ఎగిరిండ్రు, ఇరగ్గొట్టినవ్ అన్న మాటలే విన్నవాడికి ఈ మాట కొత్త. తిరుగు దారిలో ఆటోలో అతడు దాన్ని ఒకటి రెండుసార్లు లోలోపల అనుకున్నాడు.

"సుస్తి నంబరుకు గిరాకి తగిలిందే," అన్నాడు ఐలేశం. ఆ రోజు అతడు ప్యాడ్లు విప్పనే లేదు. కట్టెపుల్లలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ మాట చుట్టుపక్కలకు పాకింది. నెలకు ఒకటో రెండో దినాలకు పిలుపులు వచ్చాయి. ఫక్రుద్దీన్ వెళ్ళాడు. ఐలేశం కూడా వెళ్ళి, పక్కన కూర్చుని, వేళ్ళు మోకాళ్ళ మీద ఆడించుకుంటూ వచ్చేవాడు. అంతవరకు పేచీ లేదు. ఫక్రుద్దీన్ ఆ నంబరును పెళ్ళిళ్ళలోకి తేవడం మొదలుపెట్టాక పేచీ వచ్చింది. ముందు పాటకూ పాటకూ మధ్య కొద్దిగా. తరువాత పాట మొదట్లో. తరువాత పాటకు బదులు.

1994 ఆగస్టులో నందికొండలో ఒక పెళ్ళి ఒప్పుకున్నారు. కృష్ణ నిండుగా వస్తున్నందున డ్యాము గేట్లు ఎత్తారు. ఊరంతా నీటి హోరు. ఫక్రుద్దీన్ వంతెన దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. ఆ హోరులో చెవి ఈల లేదు. సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, డ్యాము ఉద్యోగుల క్వార్టర్ల మధ్య పందిట్లో పెళ్ళికూతురును తీసుకువస్తున్నప్పుడు అతడు తొంభై ఒకటి నొక్కి, ఆ నీటిని తలచుకుంటూ వాయించాడు. ఎంతసేపు వాయించాడో అతనికి తెలియలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు అతడు వాయించింది ఎవరికోసమూ కాదు, తన చెవి కోసం. నిలబడ్డవాళ్ళు కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు ఆవలించారు. పెళ్ళికూతురి మేనమామ, కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన మనిషి, పెట్టె దగ్గరికి వచ్చాడు.

"ఏవయ్యా, నువ్వు పెళ్ళికొచ్చావా, తద్దినానికొచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఐలేశం నవ్వలేదు. పుల్లలు ఎత్తి, ఫక్రుద్దీన్ కోసం చూడకుండా, మిగిలిన పెళ్ళినంతా ఒక్కడే తన చేతులతో లాగాడు. అది అతడు అంతవరకు కొట్టినవాటిలో మేలైనదని ఫక్రుద్దీనే తరువాత ఒప్పుకున్నాడు.

మరునాడు ఇద్దరూ బస్సులో పక్కపక్కనే కూర్చుని తిరుగు దారి పట్టారు.

"అన్నా, ఒకటి అడుగుత చెప్పు," అన్నాడు ఐలేశం. "నీ చెవుల నొప్పి నాకెర్క. నీకు మెత్తటిది కావాలె, మంచిదే. గని నా చేతులు ఏం చెయ్యాలె? గా సుస్తి నంబరుల నాకు జాగా యాడున్నది?"

ఫక్రుద్దీన్ ఆ చోటు కోసం వెతికాడు. ఇంటి దగ్గర ఇద్దరూ కూర్చుని ఆ నంబరుకు తాళం కలిపి చూశారు. ఆగి వచ్చే స్వరం తాళానికి వెనుకబడిపోతుంది. దానికోసం తాళం ఆగితే అది తాళం కాదు. ఎవరి తప్పూ లేని చోట ఇద్దరూ ఇరుక్కున్నారు. దెబ్బతో మొదలయ్యే విద్య ఒకనిది, దెబ్బ లేకుండా మొదలయ్యేది ఇంకొకనిది. పార్టీలో ఉన్నది వాళ్ళిద్దరే.

1995 వేసవికి ముందు మహబూబ్‌నగర్‌లో క్యాసెట్ల దుకాణం ఉన్న కిష్టయ్య మోత్కూరు వచ్చాడు. స్టార్ పార్టీ పేరు మీద ఒక డ్యాన్సు క్యాసెట్ తీస్తానన్నాడు.

"ఎనిమిది పాటలు. నడుమ ఆగుడు ఉండద్దు. ఒకటి ముగిసే లోపల ఇంకోటి అందుకోవాలె. బస్సులల్ల, లారీలల్ల పెట్టుకుంటరు. ఐలేశం చెయ్యి, నీ పెట్టె. జోడీ అయితెనే తీస్త. ఇడిపోయినోళ్ళ పేరు నాకు అక్కరలేదు."

కిష్టయ్య వెళ్ళిన తరువాత ఐలేశం ప్యాడ్ల మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, ఇంకే పనీ రాదు. పార్టీ ఆగిపోతే గోడకు వేలాడే తండ్రి డప్పు దించి భుజాన వేసుకోవాలి. ఆ డప్పుతో ఊళ్ళో ఎవరి వాకిట్లో ఎంత దూరంలో నిలబడవలసి వస్తుందో వాళ్ళ నాయిన చూపించి పోయాడు. ప్యాడ్లు పట్టుకున్నప్పటి నుంచి అతడు పందిరి మధ్యలో నిలబడుతున్నాడు.

ఆ రోజు అజీజా బేగం జొన్నరొట్టెలు చేస్తూ, అతని ఎడమవైపు కూర్చుని అడిగింది. "పోతవా?"

"పోకుంటె వాడు మునుగుతడు."

"పోతె?"

ఆమె పెనం మీది రొట్టె తిప్పేసింది. "నువ్వు పెండ్లి నుంచి వస్తె రెండు దినాలు మాతో మాట్లాడవు. దినం నుంచి వస్తె బువ్వ అడుగుతవు. నాకు ఎర్కైంది గంతే. మా తమ్ముడు మెహమూద్ మోటర్ల వైండింగు దుకాణంల మనిషి కావాలంటుండు. అది గూడ చెవుల పెట్టుకో, మంచి చెవుల."

అతడు మహబూబ్‌నగర్ వెళ్ళాడు. రికార్డింగు గదికి నాలుగు వైపులా గోనెసంచులు కొట్టి ఉన్నాయి. ఏ శబ్దమైనా పుట్టినచోటనే చచ్చిపోతోంది. రెండు రోజులు వాయించారు. ఐలేశం చేతులు ఆ గదిలో వెలిగిపోయాయి. ఏడో పాట నుంచి ఎనిమిదో పాటలోకి మళ్ళే చోట ఫక్రుద్దీన్ ఒక క్షణం చెయ్యి ఎత్తాడు. అద్దం అవతల ఉన్న రికార్డింగు మనిషి మిషను ఆపేశాడు.

"ఈడ ఖాళీ పడ్డది."

"ఖాళీ కాదు. దమ్ము తీస్కున్న."

"పెట్టెకు దమ్మెందుకు భాయ్?"

అడిగినవాడికి అది హాస్యం. ఫక్రుద్దీన్ మళ్ళీ మొదటి నుంచి, ఖాళీ లేకుండా వాయించి ఇచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం ఎనిమిది పాటలూ పూర్తి చేశాడు.

మధ్యాహ్నం బస్టాండులో నల్గొండ బస్సు కోసం ఎదురుచూస్తూ అతడు ఐలేశానికి చెప్పాడు. ఇకమీదట పార్టీలో ఉండనని, బోర్డూ పేరూ డబ్బాలూ ఐలేశమే ఉంచుకోవాలని, క్యాసెట్ బయటికి వచ్చేదాకా ఈ మాట పొక్కనివ్వవద్దని. తన బదులుగా సూర్యాపేటలో కీబోర్డు వాయించే ఒకాయనతో ముందే మాట్లాడి ఉంచాడు.

ఐలేశం బెంచీ చెక్క మీద వేళ్ళతో కొట్టాడు. "నువ్వు పోతె పోతవు గని," అన్నాడు, "మంది అడిగితె ఏం చెప్పాలె? కొట్లాడి ఇడిపోయిండ్రు అంటరు. కిష్టయ్య రెండో క్యాసెట్ ఇయ్యడు."

"సుస్తి చేసిందని చెప్పు."

"గట్లెట్ల చెప్త అన్నా? నీకు చేతగాక ఆగినవ్ అంటరు."

"అననియ్యి. చెవి చెడింది, చెయ్యి మెత్తబడ్డది అని చెప్పు. అబద్ధమేం కాదు గద."

ఐలేశం అలాగే చెప్పాడు. మోత్కూరులో ఈనాటికీ వినిపించే అభిప్రాయం ఆ బెంచీ మీద పుట్టింది. దాన్ని ఖండించవలసిన ఒకే ఒక్క మనిషి దాన్ని అప్పగించినవాడే.

క్యాసెట్ రెండు పేర్లతో బయటికి వచ్చింది, బస్సుల్లో మోగింది. సూర్యాపేట ఆయనతో ఐలేశం రెండోది, మూడోది కూడా చేశాడు. ఫక్రుద్దీన్ వారంలో అయిదు రోజులు మెహమూద్ దుకాణంలో, లో వోల్టేజికి కాలిపోయిన బావి మోటర్లకు రాగితీగ చుట్టే పనికి కుదిరాడు. ఎవరింట్లోనైనా దినం ఉందని కబురు వస్తే, కీబోర్డును పాత దుప్పటిలో చుట్టి, ఒక చిన్న స్పీకరు సంచిలో వేసుకుని బస్సులో వెళ్తాడు. పెళ్ళిళ్ళు ఒప్పుకోడు. పెట్టెలో డ్రమ్ము మీట పొరపాటున కూడా నొక్కుకోకుండా దాని మీద మైనం అద్దాడు. తొంభై ఒకటో నంబరు దగ్గర ఐలేశం రాసి అంటించిన పట్టీ చివర్లు లేచిపోతే, కొత్తది రాయకుండా, దాన్నే మళ్ళీ జిగురు పెట్టి అంటించుకున్నాడు.